తిప్పతీగ కషాయం... మూత్రం పచ్చగా!

ప్రశ్న: నా వయసు 52. షుగర్‌కు మాత్రలు, థైరాయిడ్‌కు మందు వాడుతున్నాను. కరోనా రోజుల నుంచి పరగడుపున తిప్పతీగ కషాయం తాగుతున్నాను. నెలరోజులుగా ఆకలి లేదు, నీరసం, మూత్రం ముదురు పసుపుగా వస్తోంది. కషాయమే కారణమా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కావచ్చమ్మా. ఈరోజు నుంచే కషాయం ఆపేయండి. తిప్పతీగ మంచి మూలికే. కాండంలోని చేదు పదార్థాలు, కొన్ని పిండిపదార్థాలు రోగనిరోధక కణాలను ఉత్తేజపరుస్తాయి. చిక్కంతా అక్కడే! కొందరిలో ఆ కణాలు సొంత కాలేయం మీదే దాడి చేస్తాయి. 2021లో ముంబయి వైద్యులు ఇలాంటి కేసులను వెల్లడించారు. కొన్ని రకాల థైరాయిడ్ జబ్బుల వంటి ఆటోఇమ్యూన్ సమస్యలున్నవారికి ముప్పు ఎక్కువ. పైగా ఇది షుగర్‌నూ తగ్గిస్తుంది. మాత్రలతో కలిస్తే చెమటలు పట్టి, కళ్లు తిరగొచ్చు.

కాలేయ పరీక్ష (ఎల్‌ఎఫ్‌టీ) వెంటనే చేయించండి. షుగర్, థైరాయిడ్ మందులు మాత్రం సొంతంగా మానొద్దు. కషాయం సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి, వీలైతే ఆ తీగ ముక్క చూపించండి. ఆకులు తమలపాకుల్లాగే ఉన్నా, కాండం నిండా బొడిపెలుంటే అది వేరే జాతి తీగ. తిప్పతీగ అనుకుని దాన్ని వాడేవాళ్లూ ఉన్నారు.

కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, మగతగా, తికమకగా ఉన్నా రిపోర్టు కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.