పాత మోటారు సైకిలులో బిగిసిపోయిన మరమేకును ఊడదీయు విధము

మన సంఘ సభ్యులలో పలువురి యిండ్ల వసారాలయందు ఇరువది, ముప్పది యేండ్ల నాటి మోటారు సైకిళ్లు నేటికిని పనిచేయుచున్నవి. పాలక్యానులు మోయుటకును, విత్తనపు మూటలు తెచ్చుటకును, అర్ధరాత్రి కరెంటు వచ్చినపుడు బోరు వేయుటకై పొలమునకు పోవుటకును అవియే ఆధారము. 1985లో మన దేశమున విక్రయమునకు వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100, హీరో హోండా సి.డి. 100 రకపు బండ్లు మన దారులలో ఇంకను కనబడుచునే యున్నవి. వీని ఇంజనులు గట్టివి. అయినను మూతను పట్టియుంచు చిన్న మరమేకు, అనగా స్క్రూ, ఒక్కటి రాకపోయినచో బండి యంతయు మూలబడును.

ఈ సంగతి మాకు స్వానుభవమున తెలిసినది. ఒకయేడు నాట్ల దినములలో ఒక రైతు బండికి కార్బురేటరు పొంగి పెట్రోలు కారుచుండెను. క్రింది గిన్నెను విప్పి తుడిచిన చాలును, అరగంట పని యని మేము ధైర్యము చెప్పి, చేతికి దొరికిన స్క్రూడ్రైవరుతో మొదలిడితిమి. మూడు మరమేకులు వచ్చినవి. నాల్గవది కదలలేదు. మేము పట్టుదలకు పోయి బలముగా త్రిప్పితిమి. కొన జారి, ప్లస్సు గుర్తువంటి గాడి అరిగి గుండ్రని గుంట యయ్యెను. అప్పుడైనను ఆగక ఉలి బెట్టి కొట్టితిమి. గిన్నె అంచు విరిగెను. దానికి సరిపడు గిన్నె పట్టణమునుండి వచ్చుటకు ఆరు దినములు పట్టెను. ఆ ఆరు దినములును ఆ యింటి యిల్లాలు తెల్లవారుజామున పాలక్యానును నెత్తిన బెట్టుకొని పాలకేంద్రమునకు నడిచిపోయెను. ఆమె మమ్ము ఒక్క మాటయు అనలేదు. అనియున్నచో మాకు కొంత తేలికగా నుండెడిది.

మరమేకు ఏల బిగియునో మొదట తెలిసికొనవలెను. ఈ బండ్లలో మరమేకు ఉక్కుతో చేయబడినది. అది దిగిన పోత అల్యూమినియముది. దమ్ము చేయు కాలపు బురదనీరు గాని, తీరప్రాంతమున ఉప్పుగాలి గాని రెంటి నడుమ చేరినచో అల్యూమినియము తినబడి తెల్లని పొడియగును. ఉక్కునకు తుప్పు పట్టును. తుప్పు తాను పుట్టిన యినుముకంటె హెచ్చు చోటు నాక్రమించును. అందుచేత మరచుట్ల సందులన్నియు గట్టిగా నిండిపోవును. ఇట్టి దానిని కేవలము బలముతో త్రిప్పబోయినచో గాడియైన అరుగును, మేకైన తెగును. ముందు ఆ పొడిని వదలింపవలెను; పిదపనే త్రిప్పవలెను.

స్క్రూడ్రైవరు విషయమున మనవారు పొరబడుట మిక్కిలి సాధారణము. ప్లస్సు గాడి గలవన్నియు ఒకటే యని తలంతురు. ఫిలిప్సు అను పేర పిలువబడు గాడి 1930 దశాబ్దమున అమెరికాలో ప్రచారములోనికి వచ్చినది. జపాను నమూనా బండ్ల మరమేకుల గాడి చూపునకు అట్లే యుండును గాని, కొలత కొంచెము వేరు. ఫిలిప్సు కొన దానిలో అడుగుదాక దిగక, కొద్ది బలమునకే పైకి జారును. తలపై చిన్న చుక్క గుర్తున్నచో అది జపాను రకమని తెలియవచ్చును. గుర్తు లేనివియు కలవు. జపాను రకపు స్క్రూడ్రైవరు దొరకనిచో, ఫిలిప్సు కొనను సానరాతిపై వెండ్రుకవాసి అరగదీసినను చాలవరకు కుదురును. ఇక పరిమాణము. నాలుగు, ఐదు మిల్లీమీటర్ల మరమేకులకు రెండవ నంబరు కొన సరిపోవును. ఇంజను ప్రక్కమూతలకుండు ఆరు మిల్లీమీటర్ల వానికి మూడవ నంబరు కావలెను. మన యిండ్లలో నుండునది రెండవ నంబరే. సగము మరమేకులు ఈ కారణముననే చెడుచున్నవని మా నమ్మకము.

పని మొదలిడుటకు ముందు పెట్రోలు కొళాయి కట్టి, బీడీ ఆర్పి రావలెను. గాడిలోని మట్టిని సూదితో పూర్తిగా తీయవలెను. తుప్పు వదల్చు పలుచని నూనెను, అది లేనిచో డీజిలునో కిరసనాయిలునో, మరమేకు చుట్టును వేసి రాత్రియంతయు నుంచవలెను. ఇంజను నూనె చిక్కనిది, సందులలోనికి దిగదు. మరునాడు స్క్రూడ్రైవరును నిలువుగా నిలిపి దాని పిడిపై సుత్తితో నాలుగైదు పోట్లు వేయవలెను. దానివలన కొన అడుగునకు దిగును, అదరునకు తుప్పు చిట్లును. పిదప దేహభారమంతయు మోపి త్రిప్పవలెను. బలము పదిపాళ్లయినచో ఏడు పాళ్లు అదుముటకును, మూడు పాళ్లు మాత్రమే త్రిప్పుటకును వినియోగింపవలెను. కొంచెము కదలినంతనే ఆతురపడక, వెనుకకు ముందుకు ఆడించుచు, మరల నూనె వేయుచు తీయవలెను. కొన ఒక్కసారి జారినచో వెంటనే ఆపివేయుడు. రెండవసారి జారుటతో గాడి పోవును.

వేడి మంచి సహాయము. అల్యూమినియము ఉక్కుకంటె సుమారు రెండింతలు వ్యాకోచించును గనుక వేడికి రంధ్రము సడలును. అయితే పెట్రోలు బండి దగ్గర మంట పనికిరాదు. కార్బురేటరును బండినుండి విప్పి, పెట్రోలు పూర్తిగా ఒంపి, ఆరబెట్టి, పొయ్యికి దూరముగా నొక గిన్నెలోని మరుగునీటిలో కొన్ని నిమిషములుంచిన చాలును. ప్రక్కమూతలకైనచో ఇంజనును కొంతసేపు నడిపి ఆపి, వేడిగా నుండగనే ప్రయత్నింపవలెను. మేము ఆనాడు ఒక చెంబెడు వేడినీరు కాచియుండినచో ఆ గిన్నె దక్కెడిది.

సుత్తి దెబ్బకు తానే తిరుగు స్క్రూడ్రైవరు ఒకటి అంగళ్లలో దొరకును. దీనిని ఇంపాక్టు డ్రైవరందురు. దెబ్బ పడినపుడు అది అదుముచునే త్రిప్పును. ఎడమకు తిరుగునట్లు ముందుగా సరిచూచుకొనవలెను. ప్రక్కమూతలకిది దివ్యముగా పనిచేయును. కార్బురేటరుకు మాత్రము వాడరాదు. ఆ పోత పలుచన, దెబ్బకు పగులును. ఒక్కొక్కరు కొనుటకంటె సంఘము పక్షమున ఒకటి యుంచుట మేలు.

గాడి అప్పటికే అరిగియున్నచో కొనకు వాల్వు అరగదీయు గరుకు ముద్దను కొంచెము పూసి త్రిప్పిచూడుడు. తల పైకి లేచియున్న రకమైనచో, బిగింపు పట్టుకారుతో తల చుట్టును పట్టి త్రిప్పుట సులభము. ఇనుప రంపముతో తలపై అడ్డుగాడి కోసి బల్లపరుపు స్క్రూడ్రైవరును వాడుటయు కలదు.

ఇవేవియు ఫలింపనపుడు తలను తొలిచివేయవలెను. మరమేకు కాడ ఎంత లావో అంతే లావు బరమాతో సరిగా నడిమికి తొలిచినచో తల ఊడిపోవును. భయపడనక్కరలేదు. తల పోగానే దాని బిగి సడలును. మూతను తీసినపిదప కాడ మొండెము పైకి నిలిచియుండును. దానిని పట్టుకారుతో పట్టి త్రిప్పినచో తరచుగా చేతికి సులువుగనే వచ్చును. మూత లోపలనే తెగిన మరమేకు సంగతి వేరు. దానిలోనికి ఎడమచుట్టు తీతమేకును దింపువారు కలరు. సన్నని తీతమేకు లోపలనే విరిగినచో దానిని మామూలు బరమా తొలవలేదు. అట్టి పనిని లేతు గల పనివానికప్పగించుటయే లాభము.

మరల బిగించునపుడు ఆలెన్ తల గల మరమేకులు వేసికొనుట మంచిది. చుట్లకు కొంచెము గ్రీజు రాసి, మొదట వ్రేళ్లతోనే ఎక్కించి, తుదిని పొట్టి తాళముతో బిగింపవలెను. పొడుగు గొట్టము తొడిగి బిగించినచో అల్యూమినియపు చుట్లు ఊడివచ్చును. క్రొత్తవి కొనునపుడు పాతవానిని వెంట తీసికొనిపోయి పొడవు సరిచూడుడు. ఒకే మూతలో పొడుగువియు పొట్టివియు నుండును. పొట్టిదాని చోట పొడుగుది దింపినచో అడుగు తగిలి పోత పగులవచ్చును. అందుచేత విప్పునపుడే ఒక అట్టముక్కపై మూత ఆకారము గీసి, ఏ మేకు ఏ చోటిదో ఆ చోటనే గ్రుచ్చియుంచవలెను.