సూత్రం రాసే ముందు ఇరుసును చూడండి

ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. కోణీయ వేగం లెక్కలంటే బెదిరే పిల్లల్లో చాలామందికి గణితం బాగానే వస్తుంది. వాళ్లు తప్పేది అంతకంటే ముందు, ప్రశ్నలో ఏది దేని చుట్టూ తిరుగుతోందో చూడకుండా సూత్రం అందుకునే దగ్గర.

1. ఆర్‌పీఎం కనిపించగానే రేడియన్లలోకి మార్చే తొందర వద్దు. నిమిషానికి 300 చుట్లు తిరిగే ఫ్యాను స్విచ్ ఆపాక సమంగా నెమ్మదిస్తూ 20 సెకన్లలో ఆగింది. ఈలోగా ఎన్ని చుట్లు తిరిగింది? మొదట సెకనుకు 5 చుట్లు, చివరికి సున్నా, సగటు రెండున్నర. 20 సెకన్లకు 50 చుట్లు. ఇందులో పై ఎక్కడా రాలేదు. రెక్క కొస వేగం అడిగితే మాత్రం రేడియన్లు తప్పవు. వ్యాసార్ధాన్ని కోణీయ వేగం ఒమేగాతో గుణించే సూత్రం డిగ్రీలనీ చుట్లనీ ఒప్పుకోదు.

2. గడియారంలో గంటల ముల్లు 12 గంటలకు ఒక చుట్టు తిరుగుతుంది, 24కు కాదు. ఏటా ఎవరో ఒకరు ఇక్కడ పడతారు.

3. ఒమేగాతో గుణించే సూత్రంలోని ‘ఆర్’ అక్షం నుంచి కొలిచిన లంబ దూరం. వస్తువు వ్యాసార్ధం కావాలని లేదు. భూమి సెకనుకు సుమారు 0.0000729 రేడియన్లు తిరుగుతుంది. భూమధ్యరేఖ మీద నేల వేగం సెకనుకు 465 మీటర్లు. మరి శ్రీహరికోటలో? అది దాదాపు 13.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి భూమి వ్యాసార్ధాన్ని ఆ కోణం కొసైన్‌తో గుణించాలి. సెకనుకు సుమారు 452 మీటర్లు వస్తుంది. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు ఇది ఉచితంగా దక్కే వేగం. ఒమేగా రెండు చోట్లా ఒకటే, మారింది ‘ఆర్’ ఒక్కటే.

4. ఒకే ఇరుసు మీద చక్రాలుంటే కోణీయ వేగం సమానం. బెల్టుతో కలిపిన చక్రాలకైతే, బెల్టు జారనంతవరకు, అంచు వేగం సమానం. కాలితో తొక్కే కుట్టుమిషన్ కింద పెద్ద చక్రం నెమ్మదిగా తిరుగుతుంటే పైన చిన్నది గిర్రున తిరగడానికి కారణం అదే.

5. అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడ. కింది కొసను నునుపైన కీలుతో నేలకు బిగించిన ఏకరీతి కడ్డీ నిటారుగా ఉంది. వదిలితే పక్కకు పడుతుంది. నేలను తాకే క్షణాన కోణీయ వేగం ఎంత? చాలామంది చివరి క్షణపు కోణీయ త్వరణం ఆల్ఫాను కట్టి, సమ త్వరణ సూత్రంలో పెట్టేస్తారు. ఒమేగా పాతిక శాతం ఎక్కువ వస్తుంది. కడ్డీ వాలేకొద్దీ టార్క్ పెరుగుతుంది, కాబట్టి ఆల్ఫా స్థిరం కాదు. ఆల్ఫా స్థిరం కానిచోట సమ త్వరణపు మూడు సమీకరణాలకూ పని లేదు. శక్తితో చేయండి. ద్రవ్యరాశి కేంద్రం సగం పొడవు దిగింది. పోయిన స్థితిశక్తి అంతా భ్రమణ గతిశక్తి అయింది. కొస చుట్టూ జడత్వ భ్రామకం ఎం ఎల్ స్క్వేర్ బై 3. మధ్య బిందువుకు చెందిన 12 ఇక్కడ వేస్తే లెక్క మునిగినట్టే. ద్రవ్యరాశి కొట్టుకుపోయి, ఒమేగా స్క్వేర్ 3జి బై ఎల్ అవుతుంది. 1.2 మీటర్ల కడ్డీకి ఒమేగా సెకనుకు 4.95 రేడియన్లు, పై కొస వేగం 5.94 మీటర్లు. అంతే ఎత్తు నుంచి వదిలిన రాయి సెకనుకు 4.85 మీటర్ల వేగంతోనే నేల తాకుతుంది. కొస రాయి కంటే వేగంగా పడుతుందంటే క్లాసులో ఎవరూ నమ్మరు. నాకు ఈ లెక్క ఇష్టం కావడానికి అదొక కారణం.

6. అలాగని శక్తి సూత్రాన్ని అన్నిచోట్లా వాడకండి. 120 ఆర్‌పీఎంతో స్వేచ్ఛగా తిరిగే చక్రం మీద, అదే ఇరుసు వెంట, కదలకుండా ఉన్న అలాంటి చక్రాన్నే జారవిడిచారు. రెండూ రాసుకుని కలిసి తిరుగుతాయి. మిగిలేది 60 ఆర్‌పీఎం. కోణీయ ద్రవ్యవేగం మారలేదు, గతిశక్తిలో సగం ఘర్షణలో వేడిగా పోయింది. ఇప్పుడు రెండో చక్రం జడత్వ భ్రామకం మొదటిదానికి రెట్టింపు అనుకుని ఈ లెక్కనే కాగితం మీద చేయండి. 40 ఆర్‌పీఎం రావాలి, గతిశక్తిలో మూడో వంతే మిగలాలి.