సెలవు చీటీలో లేని మాట

బడిలో ఇచ్చే సెలవు చీటీలు మీరందరూ రాసే ఉంటారు. ఆడపిల్లల చీటీల్లో ఒక విచిత్రం ఉంది. "కడుపునొప్పిగా ఉన్నందున రెండు రోజులు సెలవు ఇవ్వ ప్రార్థన" అని ఉంటుంది. నెల తిరిగేసరికి మళ్ళీ అదే చీటీ, అదే కడుపునొప్పి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల బళ్ళలో సామాన్యశాస్త్రం చెబుతూ ఇలాంటి చీటీలు ఎన్ని అందుకున్నానో లెక్కలేదు. సంతకం పెట్టి పక్కన పడేయడమే తప్ప, ఏ కడుపునొప్పి ఇలా తేదీ చూసుకుని వస్తుందని ఎన్నడూ అడగలేదు.

ఆ చీటీలో లేని మాట ముట్టు. పాఠ్యపుస్తకం దాన్ని ఋతుస్రావం అంటుంది. ఇంట్లో "బయట ఉంది", "దూరంగా ఉంది" అంటారు. ఒక్క విషయానికి ఇన్ని చాటు మాటలు ఎందుకు పుట్టాయో భాషా పండితులు చెప్పాలి. డాక్టరు దగ్గర మాత్రం చాటు మాటలు పనికిరావని నాకు ఒక అమ్మాయి వల్ల తెలిసింది. ఇప్పుడు ఆమె పెద్దదై ఉద్యోగం చేసుకుంటోంది. ఆమె సరేనన్నాకే ఈ సంగతి రాస్తున్నాను.

2011లో నేను జమ్మలమడుగు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో ఈ అమ్మాయి లెక్కల్లో అందరికన్నా ముందుండేది. రానురాను పాఠం మధ్యలో కునుకు తీయసాగింది. మెట్లెక్కితే ఆయాసపడేది. ఒకరోజు నేను నల్లబల్ల మీద గుండె బొమ్మ గీస్తుంటే వెనక ఏదో కొరుకుతున్న చప్పుడైంది. తిరిగి చూస్తే, ఈ అమ్మాయి బలపం తింటోంది! ఇంట్లో తమ్ముడి కోసం కొన్న బలపాల పెట్టె ఆమె సంచిలోనే ఉంది. అప్పటికే సగం ఖాళీ. నేను ఆమెను నిలబెట్టి, "ఏమమ్మా, ఇంట్లో అన్నం పెట్టడం లేదా?" అన్నాను. తరగతి అంతా గొల్లుమని నవ్వింది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు.

బి.ఇడి. చదివి, రక్తం మీద ఏటేటా పాఠం చెప్పేవాణ్ణి. బలపం తినే పిల్ల కనబడితే ముందు రక్తం సంగతి ఆలోచించాలని నాకు తట్టలేదు. నవ్వించడం మాత్రం తట్టింది.

ఐదారు రోజులకు వాళ్ళమ్మ వచ్చింది. "సారూ, పాప నిలబడితే కండ్లు తిరుగుతాయంటాది. ప్రొద్దుటూరు పెద్దాసుపత్రికి పిల్చకపోతాండా. నాకు చదువు రాదు, రోంత తోడు రా సారూ" అనింది. వెళ్ళాను. అక్కడ లేడీ డాక్టరు అమ్మాయి కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది. తరువాత, "నెలనెలా ముట్టు ఎన్ని దినాలుంటాది పాపా?" అని అడిగింది. అమ్మాయి నావైపు చూసి తల దించుకుంది. వాళ్ళమ్మ అందుకుని, "అదేం లేదు మేడమ్, ఊరికే కడుపునొప్పంటాది" అనింది.

నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. ఆ మొత్తం వ్యవహారంలో నేను చేసిన సరైన పని అదొక్కటే. సిగ్గుపడకుండా చెప్పాలంటే అందరి ముందూ చెప్పాలని అర్థం కాదు. చెప్పవలసినవారికి పూర్తిగా చెప్పాలి. మిగిలినవారు తప్పుకోవాలి. తలుపు మూశాక ఆమె చెప్పిందట: ఏడాదిగా ప్రతి నెలా పది దినాలు, రాత్రిళ్ళు రెండు మూడుసార్లు లేచి గుడ్డ మార్చుకోవలసి వస్తోంది. తల్లికి కూడా అంత వివరం తెలియదు. అందరికీ అంతేనేమో అనుకుందట పిల్ల! రక్తం పరీక్షిస్తే హిమోగ్లోబిన్ 5.8 గ్రాములు. ఆ వయసు ఆడపిల్లలకు ప్రతి 100 మిల్లీలీటర్ల రక్తంలో కనీసం 12 గ్రాములు ఉండాలి.

హిమోగ్లోబిన్ సంగతి మీకు తెలిసిందే. ఎర్ర రక్తకణాల్లో ఉండి ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును మోసుకుపోయే ప్రోటీను అది. దాని ఒక్కొక్క అణువులో నాలుగు ఇనుప పరమాణువులు ఉంటాయి. ఇనుము లేకపోతే హిమోగ్లోబిన్ తయారు కాదు. హిమోగ్లోబిన్ లేకపోతే కండరాలకూ మెదడుకూ ప్రాణవాయువు చాలదు. అందుకే కునుకు, ఆయాసం, కళ్ళు తిరగడం. మరి బలపం? ఇనుము బాగా తగ్గినవారిలో కొందరికి మట్టి, పచ్చి బియ్యం, సుద్దముక్కలు, బలపాలు తినాలనే కోరిక పుడుతుంది. దీన్ని పైకా అంటారు. ఇనుము మళ్ళీ భర్తీ అయ్యాక చాలామందిలో ఆ కోరిక తనంతట తానే పోతుంది. కనుక అది దురలవాటు అని కొట్టడం, వెక్కిరించడం వృథా.

ఇప్పుడు పలకా బలపం తీసుకోండి. తినడానికి కాదు, లెక్క చేయడానికి! ఆరోగ్యవంతుల రక్తం ఒక మిల్లీలీటరులో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. సాధారణంగా ఒక ముట్టులో పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు. 40 అనుకుంటే పోయిన ఇనుము 20 మిల్లీగ్రాములు. నెలకు 28 రోజులకు పంచితే రోజుకు 0.7 మిల్లీగ్రాము. చర్మం, పేగుల లోపొర నుంచి రాలిపోయే కణాల ద్వారా ఎవరికైనా రోజుకు మరో మిల్లీగ్రాము పోతుంది. మొత్తం 1.7. మనం తినే ఆహారం నుంచి పేగులు రోజుకు పీల్చుకోగలిగే ఇనుము 1 నుంచి 2 మిల్లీగ్రాములు. అంటే అంతా సవ్యంగా ఉన్న ఆడపిల్లకే జమాఖర్చులు అంతంతమాత్రంగా సరిపోతున్నాయి.

అదే నెలకు 120 మిల్లీలీటర్ల రక్తం పోతే? 60 మిల్లీగ్రాముల ఇనుము. రోజుకు 2.1, దానికి ఆ ఒకటి కలిపితే 3.1. రాబడి రెండు, ఖర్చు మూడు పైన! రోజుకో మిల్లీగ్రాము అప్పు. ఒంట్లో ఇనుము నిలువ ఉండేది స్త్రీలలో సుమారు 300 మిల్లీగ్రాములు. ఏడాదికి 365 రోజులు కదా, మిగతాది మీరే చూసుకోండి. రక్తం పలచబడేకొద్దీ అందులో పోయే ఇనుమూ తగ్గుతుంది, పేగులు కూడా కొంచెం ఎక్కువ పీల్చుకుంటాయి. కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా ఆ అమ్మాయి ఏడాదిలో 5.8కి ఎలా దిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

80 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావం అంటారు. అంటే ఒక చిన్న టీ గ్లాసెడు. ఎవరూ కొలిచి చూసుకోలేరు గనుక గుర్తులు తెలిసి ఉండాలి. ఏడు రోజులు దాటినా, న్యాప్‌కిన్ గానీ గుడ్డ గానీ గంటా రెండు గంటలకే తడిసిపోయినా, మార్చుకోవడానికి రాత్రి నిద్ర లేవవలసి వచ్చినా, రూపాయి నాణెం కంటే పెద్ద రక్తపు గడ్డలు పడినా డాక్టరుకు చెప్పాలి. ఎన్ని మార్చుకున్నారో లెక్క రాసుకుంటే మరీ మంచిది. 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'స్వేచ్ఛ' అనే పేరుతో ప్రభుత్వ బళ్ళలో 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, మా బడిలో ఒక పిల్ల "పది నాకు మూడు దినాలకు కూడా రావు టీచర్" అన్నది. ఆ ఒక్క మాట విని మా టీచరమ్మ ఆమెను ఆసుపత్రికి పంపింది.

ముట్టు మొదలైన తొలి రెండు మూడేళ్ళలో తేడాలు రావడం వింత కాదు. మెదడులోని హైపోథలామస్, పీయూష గ్రంథి, అండాశయాలు, ఈ మూడూ ఒకదానికొకటి హార్మోనుల ద్వారా కబురు పంపుకుంటూ పనిచేయాలి. ఆ పొందిక కుదరడానికి కొంత కాలం పడుతుంది. ఈలోగా గర్భాశయపు లోపొర మందంగా పెరిగి, ఎక్కువ రోజులు స్రవించవచ్చు. మా అమ్మాయి విషయంలో కారణం ఇదే. కొద్దిమందిలో మాత్రం అసలు రక్తం గడ్డకట్టడంలోనే లోపం ఉంటుంది.

ఈ లోపం సంగతి బయటపడింది కూడా ఒక చిన్నారి వల్లనే. ఫిన్లాండుకు చెందిన ఓలాండ్ దీవుల నుంచి 1924లో ఐదేళ్ళ బాలికను హెల్సింకి నగరానికి, ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ అనే వైద్యుడి దగ్గరకు తీసుకువచ్చారు. చిన్న గాయమైనా ఆమెకు రక్తం ఆగేది కాదు. ఆ కుటుంబంలో మరికొందరు పిల్లలు అలాగే రక్తం పోయి చనిపోయారు. ఆయన ఆ వ్యాధిని 1926లో వర్ణించాడు. ఇప్పుడు దానికి ఆయన పేరే ఉంది. ఆ బాలిక పదమూడో ఏట, తన నాలుగో ముట్టులో, రక్తం ఆగక మరణించింది. ఈనాడు ఈ వ్యాధికి మందులున్నాయి. ముట్టు ఎక్కువగా ఉండి, ముక్కులోంచో చిగుళ్ళలోంచో తరచు రక్తం వచ్చేవారు, ఆ రెండు సంగతులనూ కలిపి చెబితే డాక్టరు దీన్ని పసిగట్టగలరు.

మా అమ్మాయికి రక్తం ఎక్కించారు. స్రావం అదుపులోకి రావడానికి మందులిచ్చారు. ఆరునెలలు ఇనుప మాత్రలు మింగమన్నారు. వారం తిరక్కుండానే మానేసింది! ఎందుకో తెలుసా? మలం నల్లగా వచ్చిందట. లోపల ఏదో చెడిందని భయపడి, ఎవరికీ చెప్పుకోలేక, మాత్రలు పెరట్లో పాతిపెట్టింది. పేగులు పీల్చుకోని ఇనుము మలంతో పోవడం వల్ల ఆ రంగు వస్తుంది. భయం లేదు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలిరంగు మాత్ర మింగినా ఇలా కావచ్చు. ఆ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. దాన్ని కృత్రిమంగా తయారుచేయడంలో 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పనిచేసిన మన భీమవరం వాడు యల్లాప్రగడ సుబ్బారావుకూ ఆయన బృందానికీ పెద్ద పాత్ర ఉంది. మాత్ర బెంచీ కింద పారేసేటప్పుడు ఆయనను ఒకసారి తలచుకోండి.

ఆహారం మాట. సద్దలు, ఆకుకూరలు, పప్పులు, మాంసం, ముఖ్యంగా కార్జం మంచివి. ఆకుకూరల్లో, ధాన్యాల్లో ఉన్న ఇనుము కష్టంగా ఒంటికి పడుతుంది. విటమిన్ సి తోడైతే సులభమవుతుంది. పులివెందుల చీనీ తోటల పక్కన ఉన్నవాళ్ళకు దీన్ని వేరే చెప్పాలా? లేదంటే అన్నంలో నిమ్మకాయ పిండుకోండి. భోజనం కాగానే టీ తాగకండి. టీలోని టానిన్లు ఇనుమును పట్టేస్తాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అదే వయసు మగపిల్లల్లో నూటికి 31 మందికి. కాబట్టి మగపిల్లలూ, ఇది మన పాఠం కాదని పేజీ తిప్పేయకండి. మీరు దాచుకునే సంగతులూ ఉన్నాయి.

మన కడప జిల్లా ఎండకు తొడల మధ్య చెమట పట్టి తామర వస్తుంది. అది చర్మంలోని కెరటిన్ తిని బతికే శిలీంధ్రం. చోటు చెప్పుకోలేనిది గనుక డాక్టరుకు చూపరు. మందుల షాపులో గొంతు తగ్గించి "దురదకు ఏదైనా క్రీము" అంటారు. అలా చేతికొచ్చేవాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. అది ఎర్రదనాన్నీ దురదనూ అణచివేస్తుంది, శిలీంధ్రాన్ని కాదు. తగ్గిందనుకుంటూనే మచ్చ పాకిపోతుంది, చర్మం పలచబడి చారలు పడుతుంది. రెండు నిమిషాల సిగ్గుకు రెండేళ్ళ దురద! సరైన మందు డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడాలి. తువ్వాలు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇక గోడల మీద రంగుల అక్షరాలతో కనబడే "గుప్తరోగాల" వైద్యులను నమ్మి డబ్బు పోసిన పిల్లలను నేనెరుగుదును. నిద్రలో వీర్యం పోవడం మీ వయసులో సహజం. దానివల్ల రక్తం తరగదు, నరాలు బలహీనపడవు.

బలపం సంగతి జరిగాక నేను తరగతిలో సుద్దముక్కల ఖాళీ పెట్టె ఒకటి ఉంచాను. పేరు రాయకుండా ప్రశ్న రాసి వేయవచ్చు. ఆడపిల్లల ప్రశ్నలకు మా టీచరమ్మ, మిగతావాటికి నేను జవాబు చెబుతాం. మొదటి వారం పెట్టె ఖాళీ. రెండో వారం ఒక చీటీలో "సార్ మీకు కోపమా?" అని ఉంది. నెల గడిచాక అసలు ప్రశ్నలు వచ్చాయి. ముట్టులో తలస్నానం చేయవచ్చా? నిక్షేపంగా చేయవచ్చు. అది చెడు రక్తమా? కాదు. ఒంట్లో తిరిగే రక్తమే, గర్భాశయపు లోపొరతో కలిసి వస్తుంది. ఊరగాయ ముట్టుకుంటే బూజు పడుతుందా? తడి గరిటె పెట్టినా, ఉప్పూ నూనే చాలకపోయినా ఎవరు ముట్టుకున్నా పడుతుంది.

ఇలాంటి నమ్మకాలు పల్లెటూళ్ళలోనే ఉంటాయనుకోవద్దు. డిఫ్తీరియా పరీక్ష కనిపెట్టిన బేలా షిక్ అంతటివాడు 1920లో వియన్నాలో, ముట్టులో ఉన్న పనిమనిషి పట్టుకున్న పూలు వాడిపోయాయని చూసి, ఆ సమయంలో స్త్రీల ఒంట్లో ఒక విషం పుడుతుందని వ్యాసం రాశాడు. తరువాతి వాళ్ళు ఎంత వెతికినా ఆ విషం దొరకలేదు.

మొన్న ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక సెలవు చీటీ ఇచ్చింది. "ముట్టు నొప్పిగా ఉన్నందున ఒక రోజు సెలవు" అని ఉంది. సంతకం పెట్టి, నొప్పి ప్రతి నెలా ఇలాగే ఉంటే ఏఎన్ఎమ్ అమ్మకు చెప్పమన్నాను. 'ప్రార్ధన'లో ఒత్తు తప్పు పోయింది, అదీ దిద్దాను.