వార్డెన్ అమ్మమ్మ ఉత్తరం

చిన్నీ,

నూజివీడు ట్రిపుల్ ఐటీలో నీకు సీటొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కందిపొడికి కందిపప్పు వేయిస్తున్నాను. ఆ సంతోషంలో ఒక వాయి మాడిపోయింది. నువ్వెళ్లేసరికి నూజివీడు రసాలు కూడా అయిపోతాయి, అదొక్కటే నష్టం.

మీ అమ్మ అప్పటినుంచీ సామాన్ల జాబితా రాస్తూనే ఉంది. బకెట్టు, మగ్గు, రెండు తాళాలు, దండెం తాడు, సూదీ దారం. అవన్నీ తను చూసుకుంటుంది. నేను ఇరవై ఆరేళ్లు ప్రభుత్వ ఆడపిల్లల హాస్టళ్లలో వార్డెన్‌గా చేసినదాన్ని కాబట్టి ఆ జాబితాకెక్కని సంగతులు రాస్తాను. 2008లో పెట్టిన దగ్గర్నుంచీ ఆ చదువు పది అవగానే మొదలవుతుంది. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. మొత్తం ఆరేళ్లు. ఆరేళ్లంటే నోరు మూసుకుని గడిపేసే కాలం కాదు.

ఎందుకంటున్నానంటే, నువ్వు ఇంట్లో దేన్నీ అడక్కుండా పెరిగావు. తప్పుపట్టడం లేదే. నీకు వంకాయ పడదని, పెరుగన్నంలో పంచదార కావాలని, జ్వరం వచ్చే ముందు నీ కళ్లు ఎర్రబడతాయని మీ అమ్మకి తెలుసు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ అది ఉత్తమాట. అమ్మ అడక్కుండానే పెడుతుంది. అడిగితేగానీ పెట్టనిది హాస్టల్.

నా ఉద్యోగంలో మూడో ఏడు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. రోజూ సాయంత్రం హాజరు పిలిస్తే ‘ప్రెజెంట్ మేడం’ అనేది, నేను టిక్కు పెట్టేదాన్ని. చేతులు మాత్రం ఎప్పుడూ ఓణీలో చుట్టుకుని ఉండేది. చలేమో అనుకున్నాను. తీరా చూస్తే గజ్జి. వేళ్ల సందుల్లో మొదలై మణికట్టు దాటింది. చెబితే అందరూ వెలేస్తారని నెలన్నర దాచుకుంది. గజ్జి దురద రాత్రిపూట ఎక్కువ. హాల్లో అందరూ పడుకున్నాక దుప్పటి ముసుగులో గోక్కునేదట. మాకు తెలిసేసరికి ఇరవై రెండు మందికి అంటుకుంది.

ఆసుపత్రి నుంచి బెంజైల్ బెంజోయేట్ తెచ్చి అందరికీ ఒకే రాత్రి మెడ నుంచి అరికాళ్ల దాకా పూయించాం. చూడ్డానికి పాలలా తెల్లగా ఉంటుంది, గోకిన చోట పడితే మాత్రం భగ్గుమంటుంది. ఆ రాత్రి హాలంతా ఏడుపులు. తెల్లారి కామాటి దుప్పట్లన్నీ గుండిగల్లో ఉడకబెట్టింది. ఒక్క పిల్లకి పూసి ఊరుకుంటే లాభం లేదు, పక్క మంచం నుంచి మళ్లీ వస్తుంది. ఇప్పుడు పర్మెత్రిన్ క్రీము వచ్చింది, మంట తక్కువ. పద్ధతి మాత్రం అదే, గదిలో అందరూ ఒకేసారి రాసుకోవాలి.

ఆ పిల్ల చెప్పలేదన్నది నిజమే. నేను చూడలేదన్నది అంతకంటే నిజం. తలలు లెక్కపెట్టాను గానీ చేతులు చూడలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ప్రతి ఆదివారం తలంటుకి ముందు అందర్నీ వరసలో నిలబెట్టి, చేతులు చాపించి, వేళ్లు విడదీసి చూసేదాన్ని. వెనకాల ‘చేతుల మేడం’ అనేవాళ్లట. అననీ. కానీ మీ వార్డెన్ కింద ఎంతమంది ఉంటారో, నీ చేతులు చూసే తీరిక ఉంటుందో లేదో. చూపించాల్సింది నువ్వే.

తువ్వాలు, దుప్పటి, దువ్వెన ఎవరితోనూ పంచుకోకు. దువ్వెన ఇవ్వనంటే స్నేహితురాలు ఏమనుకుంటుందోనని మొహమాటపడతావు, నాకు తెలుసు. ఆమె ఏమీ అనుకోదు. పేలు పడ్డాక మాత్రం ఇద్దరూ ఒకళ్లనొకళ్లు అనుకుంటారు.

ఈ మొహమాటం నీకు మా నాన్న నుంచి వచ్చింది. ఆయన వారాలు చేసుకుని చదువుకున్నాడు. ఏడు రోజులకి ఏడిళ్లు, రోజుకొకరింట్లో భోజనం. గురువారం ఇంటివాళ్లు ఊరెళితే ఆ రోజు పస్తు. మర్నాడు శుక్రవారం ఇంటావిడ ‘నిన్న ఎక్కడ తిన్నావు నాయనా’ అంటే, ‘తిన్నానండీ’ అనేవాడట. ముసలితనంలో ఆ సంగతి చెప్పి ఆయన నవ్వేవాడు. నాకెప్పుడూ నవ్వు రాలేదు.

ఇక మెస్. వందల మందికి వండేచోట పోపు ఇంటిపోపులా ఉండదు. మొదటివారం అన్నం పారేసి బిస్కెట్లతో గడిపిన పిల్లలే రెండోవారం కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు. పెద్ద గుండిగలో పప్పు అడుక్కి దిగుతుంది, పైన తేట నిలుస్తుంది. పైపైన వడ్డిస్తుంటే, ‘అక్కా, అడుగునుంచి కలిపి వెయ్యవా’ అను. వెంటనే గరిటె తిప్పుతుంది. కూరలో పురుగొస్తే మాత్రం గొణుక్కుని లేచిపోకు. పళ్లెంతో సహా వార్డెన్ దగ్గరికి నడు, ఫిర్యాదుల పుస్తకంలో రాయి. నోటిమాట గాలికి పోతుంది, రాసినదాని కింద వార్డెన్ సంతకం పెట్టాలి. అలా సంతకం పెట్టిన రోజుల్లో నేనే వంటగదిలోకి రెండుసార్లు ఎక్కువ వెళ్లేదాన్ని.

పరిచయం పేరుతో సీనియర్లు పాట పాడమంటే ఇష్టముంటే పాడు. ఏడిపిస్తే అది సరదా కాదు. 1997లోనే మన రాష్ట్రంలో ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఎదుటివాళ్లని ఏడిపించి అవమానించినందుకే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. 1800-180-5522 ర్యాగింగ్ ఫిర్యాదుల నంబరు, పద్దెనిమిదేళ్లు నిండని నీకు 1098 కూడా ఉంది. రెండూ ఫోన్లోనే కాదు, నోటు పుస్తకం అట్ట లోపల కూడా రాసుకో. ఫోన్ చార్జింగ్ అయిపోయేది సరిగ్గా అప్పుడే.

బెంగ పగలు రాదు. సాయంత్రం దీపాలు పెట్టేవేళ వస్తుంది. మా హాస్టల్లో కొత్తపిల్లలు ఆ వేళకి గేటు దగ్గర చేరేవాళ్లు, ఎవరూ రారని తెలిసినా సరే. నేను వాళ్లని పిలిచి చిక్కుళ్లకి ఈనెలు తీయమనేదాన్ని. చేతికి పనుంటే కంటికి నీళ్లు తగ్గుతాయి. నీకు చిక్కుళ్లు ఇచ్చేవాళ్లుండరు కాబట్టి ఆ వేళకి బట్టలు తీసి మడతపెట్టుకో, లేదా నలుగురితో మైదానంలోకి వెళ్లు. ఏడుపొస్తే ఏడువు, కానీ రాత్రి పదకొండింటికి ఫోన్లో ఏడవకు. తెల్లారేదాకా మీ అమ్మ ఏమీ చేయలేదు, నిద్రా పోలేదు. మొదటి ఆదివారం ఎవరూ రావద్దని చెప్పింది నేనే. తిట్టుకుంటే నన్ను తిట్టుకో.

పెట్టె అడుగున కందిపొడి సీసా పెట్టించాను, మాడని వాయిదే. చీమలు పట్టకుండా మూత మీ తాతయ్యతో బిగింపించాను. తియ్యడం నీ ఒక్కదాని వల్ల కాదు, పక్క మంచం పిల్లని పట్టుకోమను.

మీ అమ్మమ్మ