ఆవిడకి జీతమేమిటంటారా?

ప్ర: ఆత్రేయపురంలో మాకు పూతరేకుల షాపు ఉంది. లైసెన్సు నా పేరునే ఉంది. రేకులు తీసేదీ, చుట్టేదీ నా భార్య. ఏడాదికి 40 లక్షల అమ్మకం. ఆమెకి నెలకి 15,000 జీతం రాసుకుంటే నాకు ట్యాక్సు తగ్గుతుందా?
– ఒక పాఠకుడు, ఆత్రేయపురం

జ: తగ్గదు. మీకసలు ట్యాక్సే పడదు, ఇంక తగ్గేదేముంది? 2 కోట్ల లోపు అమ్మకాలున్న వ్యాపారి పుస్తకాల బాధ లేకుండా కనీసం 8 శాతం లాభం చూపితే చాలు. బ్యాంకు, యూపీఐ ద్వారా వచ్చిన అమ్మకాలకైతే 6 శాతమే. మీ 40 లక్షల మీద 8 శాతం వేసినా 3,20,000. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా కట్టాల్సింది సున్నా. ఇలా శాతం లెక్కన చూపేవారు జీతాన్ని మళ్లీ విడిగా ఖర్చు రాసుకోకూడదు. పైగా 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 64వ సెక్షన్ భార్యకిచ్చిన జీతాన్ని తిరిగి భర్త ఆదాయంలోనే కలిపేది. 2025 నాటి కొత్త చట్టం కూడా ఈ నియమాన్ని వదల్లేదు. కలిపినా మీ ఆదాయం 5 లక్షలే. అప్పుడూ పన్ను సున్నాయే.

అలాంటప్పుడు ఆవిడకి జీతం ఇవ్వడానికి అడ్డేమిటి? ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ డబ్బు ఆవిడ చేతికి వెళ్తుందన్న మాట ఎక్కడా కనిపించలేదు. కొబ్బరాకు మంట మీద బోర్లించిన కుండ, ఆ కుండ మీద పిండిజావలో ముంచిన గుడ్డ, ఆ సెగలో పొద్దల్లా కూర్చునే మనిషి. ఆవిడ లేకపోతే మీ షాపు అద్దాల బీరువాలో ఏం పెడతారు? అవే రేకులు పొరుగింట్లో తీయిస్తే కూలి ఇవ్వరా? 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది ఇలాంటి చేతుల పనికే.

నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో పుస్తకమే ప్రచురించింది. దేశాలు దాటి అమ్ముడుపోయే సరుకు అల్లుతున్నా, వాళ్లని ఇంటిపట్టున తీరుబడిగా ఉన్న ఇల్లాళ్లుగానే జమకట్టారని, కూలి అంత తక్కువ ఉండడానికి అదే కారణమని ఆమె చూపించింది. నలభై ఏళ్లు దాటాక మీ ఇంట్లోనూ అదే లెక్క నడుస్తోంది. 2001లో సుప్రీంకోర్టు ఇల్లాలి సేవలకి నెలకి 3,000 వెల కట్టింది. అదీ జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో పోయినవాళ్లకి పరిహారం తేల్చడానికి! మనిషి పోయాక కోర్టు కట్టే వెల, బతికుండగా మొగుడు కట్టలేడా?

ఒకటో తారీఖున ఆవిడ ఒక్కరి పేరున్న ఖాతాలో 15,000 వేయండి. ఏటీఎం కార్డు ఆవిడ దగ్గరే ఉండనివ్వండి.

ప్ర: తాడితోటలో మావారి బట్టల షాపు లెక్కలు, జీఎస్టీ రిటర్నులు నేనే చూస్తాను. ఎంకాం చదివాను. నా జీతమూ ఆయన ఆదాయంలోనే కలుపుతారా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జ: కలపకూడదమ్మా. సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత ఉండి, కేవలం ఆ విద్యతో సంపాదించిన జీతం భార్యదేనని, జీతం కలపమనే ఆ నియమంలోనే మినహాయింపు ఉంది. డిగ్రీ కాగితమే ఉండనక్కర్లేదు, ఆ పని చేయగల నేర్పు చాలని మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1985లో అచ్చయిన తీర్పులో అంది. ఆ మాట ప్రకారం పైన చెప్పిన ఆత్రేయపురం ఇల్లాలి తరఫునా వాదించవచ్చు. బొంబాయి హైకోర్టు ఇంత ఉదారంగా లేదు. ఒక డాక్టరుగారి భార్య రిసెప్షన్, అకౌంట్లు చూసినందుకిచ్చిన జీతాన్ని భర్త ఆదాయంలోనే కలిపింది. అందుకని సర్టిఫికెట్లు, మీరు దాఖలు చేసిన రిటర్నుల కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు భద్రం చేసుకోండి. బయటి అకౌంటెంటుకి ఎంతిస్తారో మీకూ అంతే ఇవ్వాలి. మించితే ఆ పైమొత్తాన్ని ఖర్చుగా ఒప్పుకోరు.

ప్ర: జీతం చేతికిచ్చి సంతకం తీసుకుంటే చాలదా?
– కడియం

జ: చాలదు. ఒక మనిషికి ఒక్క రోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఖర్చుగా చెల్లదు. ఖాతాలోనే వేయండి.

ప్ర: ఆడవాళ్ల పేర లోను తొందరగా వస్తుందని, షాపు నా పేర మార్చుకోమంటున్నారు మావారు. సంతకం పెట్టనా?
– పాలకొల్లు

జ: సొంత వ్యాపారంలో అప్పు మీ పేరునుంటే తీర్చే పూచీ కూడా పూర్తిగా మీదే. పాస్‌బుక్కు, ఓటీపీ వచ్చే ఫోను మీ చేతికొచ్చాకే సంతకం పెట్టండి.