సముద్రపు కేబుల్ చివర వోల్టేజీ వారధి

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే నేటి శ్రీ విజయపురానికి, సముద్రగర్భంలో వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఇలా వచ్చే కాంతి సంకేతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే ఆప్టికల్ మాడ్యూళ్ల నియంత్రణ తీగలు సాధారణంగా 3.3 వోల్టులతో పనిచేస్తాయి. అవతలి చిప్ 1.8 వోల్టులదైతే నేరుగా కలపకూడదు, చిప్ దెబ్బతినవచ్చు. మధ్యలో లెవెల్ షిఫ్టర్ కావాలి.

ఎలాంటిది? ధర కన్నా ముందు వేగం చూడాలి. 100 కిలోహెర్ట్జ్ తీగకు ఒక మాస్‌ఫెట్, రెండు రెసిస్టర్లు చాలు. కానీ రెసిస్టర్ 4.7 కిలోఓమ్‌లు, తీగ కెపాసిటెన్స్ 50 పికోఫారడ్లు అయితే సంకేతం పైకి లేవడానికి దాదాపు అర మైక్రోసెకను పడుతుంది. 50 మెగాహెర్ట్జ్ క్లాక్‌కు ఒక ఆవృతి 20 నానోసెకన్లే! అక్కడ ఈ చవక ఉపాయం పారదు. సంకేతాన్ని ఒకే దిశలో బలంగా నడిపే బఫర్ తరహా షిఫ్టర్ వాడాలి.

గిగాబిట్ల డేటా మార్గంలోనైతే సాధారణంగా షిఫ్టరే ఉండదు. అక్కడ జంట తీగల మధ్య వోల్టేజీ తేడాయే సంకేతం. కెపాసిటర్లు స్థిర వోల్టేజీని ఆపి, మార్పులను మాత్రమే దాటనిస్తాయి.