మొదటి ఇల్లు: చోటు ముందా, ధర ముందా?

ఇల్లు కొనాలనుకునే యువ దంపతులు ముందుగా వచ్చేది పెద్దల దగ్గరికే. కొందరు సలహా అడుగుతారు, కొందరు ఖర్జె హసనా అడుగుతారు. అందుకే ఈ విషయాన్ని దాతలైన మీ ముందు ఉంచుతున్నాం. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబానికి చేతిలోని పొదుపే హద్దు. ఆ సొమ్ము ఒకసారి చిక్కుల్లో పడితే, మళ్లీ కూడబెట్టడానికి సగం జీవితం పడుతుంది.

ముందు ధర సంగతి చూద్దాం. ధర అంటే అమ్మేవారు చెప్పిన మొత్తం ఒక్కటే కాదు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి సాధారణంగా 7.5 శాతం అవుతుంది. 30 లక్షల ఇంటికి అది 2,25,000 రూపాయలు. మరమ్మతులు, కరెంటు, నీళ్ల ఖర్చు వేరు. కనుక ఉన్న డబ్బంతా ఇంటి ధరకే పెట్టకూడదు.

ఇక దూరం. మెహదీపట్నంలో పనిచేసే వ్యక్తి అత్తాపూర్‌లో ఇల్లు ఖరీదని శంషాబాద్ వైపు చూస్తున్నాడనుకుందాం. పోనూ రానూ రోజుకు 30 కిలోమీటర్లు అదనమైతే, 25 పనిదినాలకు 750 కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండికి 15 లీటర్లు పడుతుంది. లీటరు 107 రూపాయలనుకుంటే సుమారు 1,600. ఇద్దరు పిల్లల స్కూలు వ్యాన్‌కు 3,000 అదనమనుకుంటే నెలకు 4,600, పదేళ్లకు 5,52,000 రూపాయలు. రెండిళ్ల ధరల మధ్య తేడా 5 లక్షలే అయితే, చవక అనుకున్నది చవక కాదు. తేడా 15 లక్షలైతే దూరపు ఇల్లే మేలు కావచ్చు. పిల్లల బడి కూడా అక్కడికే మారితే లెక్క ఇంకా మారుతుంది. ఏ కుటుంబం లెక్క ఆ కుటుంబం వేసుకోవాలి.

మరీ చవకగా వస్తుంటే కారణం వెతకాలి. నోటరీ కాగితంతో ఇంటిపై హక్కు రాదు. రిజిస్టర్డ్ సేల్ డీడ్ కావాలి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు న్యాయవాదికి చూపించాలి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. ఒకసారి వక్ఫ్ అయిన భూమి అమ్మకానికి ఉండదు; తెలియక కొన్నా మన ఆఖిరత్‌కు సంబంధించిన విషయమే. చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ కూడా విచారించాలి. 2020 అక్టోబరులో గుర్రం చెరువుకు గండి పడి హాఫిజ్ బాబానగర్ ఇళ్లు మునిగిన సంగతి మనకు తెలిసిందే. ఇల్లు ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి చూడటం మంచిది.

ఇంటికంటే ముందు పొరుగును చూసుకోమని అరబ్బీ సామెత. మసీదు, బడి, ఆసుపత్రి, బస్సు ఎంత దూరమో ఇంటి ఆడవారిని, వృద్ధులను కూడా అడగాలి. రోజంతా అక్కడ ఉండేది వారే.

సోదర సోదరీమణులారా! ఇల్లు కొనేవారికి మీరు చేయగల సాయం డబ్బు ఒక్కటే కాదు. బయానా ఇవ్వకముందే న్యాయవాది ఫీజు భరించండి. చోటు చూడటానికి వెంట వెళ్లండి. మంచి చోటికి కొద్ది మొత్తమే తక్కువ పడితే, ఆ లోటును ఖర్జె హసనాగా, సాక్షులతో రాసి ఇవ్వండి. ఆ కాస్త సాయంతో ఒక కుటుంబం అప్పుల్లో పడకుండా నిలబడుతుంది, ఇన్షా అల్లాహ్.